ఈ పాట ఎక్కడో విన్నట్టుందే! కాపీ అనే ముందు తేల్చుకోవడం ఎలా

కొత్త సినిమా పాట బయటికొచ్చిన గంటకే వాట్సాప్‌లో ఒక వీడియో వస్తుంది. పది సెకన్లు కొత్త పాట, పది సెకన్లు పాత పాట, కింద "దొరికేశాడు" అని పెద్దక్షరాలు. కొన్నిసార్లు నిజంగానే దొరికేస్తాడు. చాలాసార్లు మాత్రం ఆ వీడియో చేసినవాళ్ల చెవిలో పడింది రాగమో, దరువో, పాడినవాళ్ల గొంతో అయి ఉంటుంది. వరస వేరే ఉంటుంది. పోలిక వినిపించడం అబద్ధం కాదు. కానీ ఏది కలిసిందో చూడకుండా కాపీ అనేస్తే, పక్కింటాయన మీసం మా మావయ్య మీసంలా ఉంది కాబట్టి వాళ్లిద్దరూ అన్నదమ్ములే అన్నట్టుంటుంది.

నేను విద్వాంసుణ్ణి కాను. భజనల్లో హార్మోనియం వాయిస్తాను, ఇంట్లో పాటల పంచాయితీలు తీరుస్తాను. అలా తీర్చీ తీర్చీ అలవాటైన పద్ధతి ఇది. మీకు కావలసినవి ఫోను, ఇయర్‌ఫోన్లు, ఒక కాగితం, హార్మోనియం గానీ ఫోన్‌లో పియానో యాప్ గానీ. స్వరజ్ఞానం లేకపోయినా సగం దూరం వెళ్లొచ్చు.

ముందు చోటు పట్టుకోండి

"పాటంతా అదే" అని ఎవరైనా అంటే నమ్మకండి. పాటంతా ఒకటే కావడం అరుదు. పోలిక పల్లవి మొదటి లైనులో ఉందా, చరణం ఎత్తుగడలో ఉందా, మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్‌లో ఉందా చూసి, రెండు పాటల్లోనూ నిమిషం, సెకను రాసుకోండి. రాయబోతే చాలా గొడవలు అక్కడే చల్లారిపోతాయి. "0:42 నుంచి 0:46 వరకు" అని రాశాక నాలుగు సెకన్లకే ఇంత గొడవా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. పాత పాట ఎప్పుడో విన్నది, కొత్తది పొద్దుటి నుంచి పదిసార్లు విన్నది. అప్పుడు జ్ఞాపకంలో ఉన్న పాతపాట మెల్లగా కొత్తపాట వైపు ఒంగుతుంది. కాబట్టి జ్ఞాపకాన్ని పక్కన పెట్టి, పాత పాట అసలు రికార్డింగ్‌ని ముందు వినండి. కాసేపు ఆగి కొత్తది వినండి.

పాత పాట పేరు నోటి చివర ఉండి గుర్తు రాకపోతే, గూగుల్ యాప్‌లో మైకు నొక్కి పది పదిహేను సెకన్లు కూనిరాగం తీయండి. ఈ సదుపాయం 2020లో వచ్చింది, వరసని బట్టే వెతుకుతుంది. షాజమ్ ఈ పనికి రాదు. అది అచ్చంగా అదే రికార్డింగ్‌ని గుర్తుపడుతుంది, పోలిన వరసని కాదు.

మాటలు తీసేయండి, తర్వాత దరువు తీసేయండి

రెండు ముక్కల్నీ "నన నాన" అంటూ మాటల్లేకుండా పాడండి. పోలిక అక్కడే పోతే, కలిసింది మాటల నడక. చిన్నప్పుడు బళ్లో వేమన పద్యాలన్నీ ఒకటే వరసలో చదివాం కదా. ఆటవెలది నడక ఒకటే కావడంతో ఉప్పుకప్పురంబూ అనగననగ రాగమూ ఒకే పాటలా వినిపించేవి. సినిమా పాటల్లోనూ అంతే. మాత్రలు కలిసి, ప్రాస కలిసి, చివర "ఓ పిల్లా" కూడా కలిస్తే చెవి మోసపోతుంది.

మాటలు తీశాక కూడా పోలిక నిలిస్తే, దరువు తీయండి. రెంటినీ జోలపాటలా నిదానంగా, తాళం లేకుండా సాగదీసి పాడండి. తీన్మార్ డప్పు మీద పరిగెత్తే రెండు పాటలు డప్పు ఆపేయగానే ఒకదానికొకటి ముఖం తెలియని వాళ్లలా నిలబడతాయి. నిదానంగా పాడినా "అదేనే!" అనిపిస్తే అప్పుడు వరస కలిసిందని అనుమానించండి. యూట్యూబ్‌లో స్పీడు 0.75 పెట్టి కూడా వినొచ్చు, శ్రుతి మారదు.

గొంతు సంగతి కూడా మరచిపోకండి. ఒకే గాయకుడు, ఒకే రకం వేణువు, ఒకే రకం రికార్డింగ్ ఉంటే, వేరే వేరే పాటలు కూడా ఒక ఇంటి పిల్లల్లా ఉంటాయి.

శ్రుతి కలిపి స్వరాలు రాయండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. ఒకే వరస ఈ రెండు చోట్ల పాడితే వేరేలా వినిపిస్తుంది. వేరే వరసలు ఒకే శ్రుతిలో పాడితే దగ్గరగా వినిపిస్తాయి. కాబట్టి ముందు ఒక్కో పాటకీ "స" ఎక్కడుందో చూడాలి. పల్లవి అయిపోయి పాట ఎక్కడ హాయిగా కూర్చుంటుందో, సాధారణంగా అదే స. ఆ మెట్టు నొక్కి పట్టుకుని పాట నడిపించండి. ఎక్కడా గుచ్చుకోకపోతే సరైనదే పట్టుకున్నారు.

స తెలిశాక వరస రాయడం ఎలాగో అందరికీ వచ్చిన పాటతో చూద్దాం. "ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్" హార్మోనియం మీద ఇలా వస్తుంది:

స స ప ప ద ద ప
మ మ గ గ రి రి స

ఇప్పుడు పిల్లలు పాడే ఏ బి సి డి పాట వాయించండి. ఏ బి అంటే స స, సి డి అంటే ప ప, ఇ ఎఫ్ అంటే ద ద, జి దగ్గర ప. అక్షరం పొల్లుపోకుండా అదే వరస. "బా బా బ్లాక్ షీప్" కూడా చిన్న మార్పుతో ఇదే. మూడూ రోజూ పాడుకుంటూ, మూడూ ఒకటేనని పెద్దయ్యేదాకా గమనించనివాళ్లు బోలెడు మంది. మూలం 18వ శతాబ్దపు ఫ్రెంచి వరస. మొజార్ట్ దాని మీద పన్నెండు రకాల మార్పులతో పియానో రచన చేశాడు. "ట్వింకిల్" మాటలు జేన్ టేలర్ రాసిన పద్యంగా 1806లో అచ్చయ్యాయి, వరసకి తర్వాత అతుక్కున్నాయి.

మీ అనుమానపు పాటల్ని కూడా ఇలాగే ఒకదాని కింద ఒకటి రాయండి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికే హొయలు, వదిలేసి ముఖ్యమైన స్వరాలు మాత్రం చాలు. ఏ స్వరం తాళంలో ఎక్కడ పడిందో పక్కన గీత పెట్టుకోండి. నాలుగైదు స్వరాలు వరసగా కలవడం రోజూ జరిగేదే. పది పన్నెండు స్వరాలు అదే క్రమంలో, అదే కాలప్రమాణంతో, అదే చోట విరుపుతో కలిస్తే అది మాట్లాడుకోవాల్సిన విషయం.

రాగం కలిస్తే గొడవ పడకండి

మన దగ్గర తొంభై శాతం గొడవ ఇక్కడే పుడుతుందని నా లెక్క. లెక్కంటే లెక్క కాదు, మా ఇంటి పంచాయితీల అనుభవం.

సంగీతం క్లాసులో పిల్లలు నేర్చుకునే "వరవీణా మృదుపాణి" గీతం మోహన రాగం. త్యాగరాజు "నను పాలింప నడచి వచ్చితివో" మోహన. మాయాబజార్‌లో "లాహిరి లాహిరి లాహిరిలో" మోహన. ఎవరైనా వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి దొంగతనం అంటారా? స రి గ ప ద అనే ఆ ఐదు స్వరాలు స్కాట్లాండు పాట "ఆల్డ్ లాంగ్ సైన్"లోనూ ఉన్నాయి, చైనా జానపదాల్లోనూ ఉన్నాయి. రాగం ఊరుమ్మడి చెరువు లాంటిది, ఎవరి బిందె వాళ్లు ముంచుకోవాలి. చూడాల్సింది బిందెని.

చేతులతో తెలుసుకోవాలంటే హార్మోనియంలో నల్ల మెట్లు మాత్రం వాయించండి. మూడు నల్ల మెట్లు కలిసి ఉండే గుంపు ఉంటుంది కదా, అందులో మొదటిదాన్ని స చేసుకుని పైకి వెళ్తే మోహన. అవే నల్ల మెట్లు, కానీ రెండోదాన్ని స చేసుకుంటే మధ్యమావతి. మూడోదాన్ని స చేసుకుంటే హిందోళం. మెట్లు మారలేదు, కూర్చునే చోటు మారింది, రాగమే మారిపోయింది. అందుకే స తేల్చకుండా "రెండు పాటలూ ఇవే మెట్లు" అన్నా లాభం లేదు.

రాగం, బందిష్ (హిందుస్తానీ సంగీతంలో ఒక రాగంలో కట్టిన పాట) కలిసిపోయిన చోట కోర్టులకే ఇబ్బంది. "వీరా రాజ వీరా" అనే సినిమా పాట హిందుస్తానీ గాయకులు డాగర్ సోదరుల "శివస్తుతి"ని పోలి ఉందన్న కేసులో, 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఒకలా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు, సెప్టెంబరులో అదే కోర్టు డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టింది. రెండూ హిందుస్తానీ అడాణా రాగపు పాటలే.

ఒక జడ్జి స్వరాలు ఎలా లెక్కపెట్టాడో చూడండి

ఈ పనికి నాకు నచ్చిన పాఠం న్యూయార్క్ కోర్టులో ఉంది. "హీ ఈజ్ సో ఫైన్" అనే పాటని షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1962లో పాడింది. 1970లో బీటిల్స్ బృందపు జార్జ్ హ్యారిసన్ "మై స్వీట్ లార్డ్" చేశాడు. వెనక బృందం "హరే కృష్ణ" అంటుంది, అదే పాట. రెండూ ఒకటేనని కేసు పడింది. విన్న జడ్జి రిచర్డ్ ఓవెన్ స్వయంగా సంగీతకర్త, ఒపెరాలు రాసినవాడు.

ఆయన పాటని రెండు ముక్కలు చేశాడు. మొదటిది సోల్ మి రె. మన భాషలో ప గ రి. రెండోది సోల్ లా డో లా డో, అంటే ప ద స ద స. పాత పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు వస్తుంది, తర్వాత రెండోది నాలుగుసార్లు. కొత్త పాటలో మొదటిది నాలుగుసార్లు, రెండోది మూడుసార్లు, నాలుగోసారికి బదులు వేరే చిన్న నడక. పైగా రెండో ముక్క రెండోసారి వచ్చినప్పుడు రెండు పాటల్లోనూ ఒక రవ్వ స్వరం అదనంగా పడుతుంది: ప ద స ద రి స. అదే చోట, అదే రవ్వ!

హార్మోనియం మీద ఒకసారి వాయించి చూడండి. అన్నీ మోహన స్వరాలే. విడిగా ఆ ముక్కలు కొత్తవేమీ కావని జడ్జి కూడా అన్నాడు. ఆయన పట్టుకున్నది ఆ ముక్కల్ని పేర్చిన తీరుని, అన్నేసిసార్లు తిప్పిన తీరుని. 1976లో తీర్పు హ్యారిసన్‌కి వ్యతిరేకంగా వచ్చింది. అలాగని కావాలని దొంగిలించాడని అనలేదు. ఎప్పుడో విన్న వరస లోపలి మనసులో ఉండిపోయి తెలియకుండానే బయటికొచ్చిందన్నాడు, అయినా ఉల్లంఘనే అన్నాడు. ఈ మాట పాటలు కట్టేవాళ్లకి నిద్ర పట్టనివ్వదు.

మీ కాగితం మీద కూడా ఇదే చేయండి. ముక్కలు గుర్తించండి, ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టండి, అవసరం లేని చోట పడిన ఆ రవ్వ స్వరం కోసం వెతకండి. నిజమైన కాపీ తరచూ అలాంటి చిన్న చోటే దొరుకుతుంది. పరీక్షలో పక్కవాడి తప్పు కూడా ఎక్కించి దొరికిపోయినట్టు.

కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, వాటి గురించి రెండు ముక్కలు. గిటార్ నేర్చుకునే కుర్రాడు సి, జి, ఎ మైనర్, ఎఫ్ తిప్పుతూ ఇరవై పాటలు పాడేస్తాడు, అది మామూలే. ఎడ్ షీరన్ మీద నాలుగు కార్డ్స్ వరస గురించి కేసు వేస్తే, ఆయన బోనులో గిటార్ వాయించి చూపించాడు, 2023లో జ్యూరీ ఆయన వైపే తేల్చింది. కార్డ్స్ మాత్రమే కలిస్తే కాగితం మడిచి జేబులో పెట్టుకోండి.

పుట్టుపూర్వోత్తరాలు వెతకండి

వరస నిజంగానే కలిసింది అనుకుందాం. ఇప్పుడు ఏది ముందు, ఏది వెనక, మధ్యలో ఎవరున్నారు అనేది చూడాలి. "హిందీ నుంచి కొట్టేశారు" అనడం మనకి అలవాటైపోయింది గానీ, నీళ్లు అటువైపూ పారాయి. 1955 నాటి మిస్సమ్మలో సాలూరి రాజేశ్వరరావు కట్టిన "బృందావనమది అందరిది" వరస, 1957లో హిందీ "మిస్ మేరీ"లో వినిపిస్తుంది. దొంగతనం కాదు, అది అదే సినిమాకి రీమేక్, దర్శకుడూ అదే ఎల్.వి. ప్రసాద్. అలాగే "హాయి హాయిగా ఆమని సాగే" హిందీలో "కుహూ కుహూ బోలే కోయలియా" అయింది. ఆ పాటలున్న సువర్ణసుందరి సినిమాకి తెలుగులోనూ హిందీలోనూ సంగీతం ఆదినారాయణరావే. తన వరస తాను వాడుకున్నాడు. కాబట్టి విడుదల సంవత్సరం, సంగీత దర్శకుడు, రీమేకా, డబ్బింగా అన్నవి ముందు చూడండి. టైటిల్స్‌లో ఎవరికైనా క్రెడిట్ ఇచ్చారేమో కూడా చూడండి.

రెండు పాటలకీ మూడో తల్లి ఉందేమో కూడా చూడాలి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ "ఉయ్యాలో" అని పాడేవి ఎన్ని పాటలు, ఎన్ని వరసలు? పాటలు లెక్కలేనన్ని, వరసలు కొన్నే. జానపదంలో వరస పంచుకోవడం తప్పు కాదు, అదే పద్ధతి. మా భజన పుస్తకాల్లో పాట పైనే "వరస: ఫలానా సినిమా పాట" అని అచ్చు వేసి ఉంటుంది. అయ్యప్ప దీక్ష పాటలూ, ఎన్నికల పాటలూ అదే దారి. ముత్తుస్వామి దీక్షితార్ అంతటివారు ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిని నోట్టుస్వరాలంటారు. "సంతతం పాహిమాం" పాడి చూడండి, బ్రిటిష్ జాతీయగీతం వినిపిస్తుంది.

పాతది కాబట్టి అందరిదే అనుకునే చోట ఒక గొయ్యి ఉంది. త్యాగరాజు 1847లో పోయారు. మన చట్టంలో సంగీతకర్త హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కాబట్టి ఆ కృతులకి చిక్కు లేదు. అన్నమయ్య ఇంకా పాతవాడు కదా అని ఆయన కీర్తనని అదే వరసలో ఎత్తుకుంటే మాత్రం ఆగాలి. తిరుమల రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరాలు లేవు. మనం ఇప్పుడు పాడుకునే వరసలు చాలా వరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నెడునూరి కృష్ణమూర్తి వంటివాళ్లు కట్టినవి. రేవతి రాగంలో "నానాటి బ్రదుకు" నెడునూరి వరస. మాటలు అయిదొందల ఏళ్లనాటివి, వరస నిన్నటిది.

చెప్పేటప్పుడు ఏమి రాయాలి

ఇంతా చేశాక "కాపీ" అనే ఒక్క మాట రాయకండి. కలిసింది ఏమిటో రాయండి. "రెండు పాటల పల్లవి మొదటి లైను, ఒకే స నుంచి చూస్తే 11 స్వరాలు అదే క్రమంలో ఉన్నాయి, చరణం వేరు, తాళం వేరు" అంటే ఎవరూ కాదనలేరు. "రాగం ఒకటే, వరస వేరు" అని తేలితే అదీ ఒప్పేసుకోండి. మా బావతో ఇలా రెండుసార్లు ఓడిపోయాను, కాఫీలు నేనే పెట్టాను.

మీరే పాట కడుతుంటే

షార్ట్ ఫిల్మ్‌కో, పెళ్లి వీడియోకో మీరే వరస కడితే పైన చెప్పిందంతా మీ పాట మీదే చేయండి. విడుదలకి ముందు వారం రోజులు పాటని వినకుండా పక్కన పెట్టండి. తర్వాత గూగుల్‌కి కూనిరాగం వినిపించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లకి ఏమీ చెప్పకుండా వినిపించండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, బాగుందనేస్తారు. పాట పెట్టేసి మీ పని మీరు చూసుకోండి, వాళ్లు వెంట ఏం పాడతారో వినండి.

మూడేళ్ల కిందట స్నేహితుడి షార్ట్ ఫిల్మ్‌కి ఒక పల్లవి కట్టాను. రాత్రి ఒంటిగంటకి, దానంతటదే వచ్చేసింది. అలా వచ్చేసినప్పుడే అనుమానించాల్సింది. మర్నాడు ఫోన్‌లో పెట్టి హాల్లో కూర్చున్నా. వంటింట్లో చారు పోపు వేస్తున్న మా అత్తయ్య వెంటనే అందుకుంది, కానీ మాటలు వేరు. "ఒరేయ్, మన శుక్రవారం మంగళహారతికి ఈ ప్రేమ గోలంతా ఎవడు రాశాడ్రా?" అంది.

హార్మోనియం తీసి రాసి చూస్తే మొదటి లైను మొత్తం అదే. చిన్నప్పటి నుంచి వారం వారం వింటున్నది, కర్పూరం వాసనతో సహా లోపల ఉండిపోయినట్టుంది. ఎత్తుగడని పై స నుంచి కిందికి దించి, రెండో లైను విరుపు మార్చి, మళ్లీ కట్టాను. ఈసారి వంటింట్లోంచి ఏమీ వినపడలేదు, హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆవిడ శుక్రవారం హారతి మార్చిన వరసలో పాడుతోంది.